అయ్యరు కాలేజీలో తొలి మాల

మా కాలేజీ పేరు హెడ్‌బెర్గ్ లూథరన్ ఆర్ట్స్ కాలేజి. ఆ పేరు గేటు మీది బోర్డులో తప్ప ఎవరి నోటా వినపడదు. బస్సు కండక్టరు దగ్గర నుంచి బిషప్ గారి డ్రైవరు దాకా అందరూ అనేది ‘అయ్యరు కాలేజి’ అనే. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని ఎవరో బ్రాహ్మణుడు కట్టించాడనుకుంటారు. కట్టించింది స్వీడన్ నుంచి వచ్చిన పాదిరి. ఈ వైపు లూథరన్లకు తమ పాదిరిని అయ్యరు అనడం పాత అలవాటు. అలా హెడ్‌బెర్గ్ దొర హెడ్‌బెర్గ్ అయ్యరు అయ్యాడు.

అరవనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగరు వెళ్ళే రోడ్డు మీద, నల్లరేగడి చేల మధ్యన ఆయన ఈ కాలేజీ పెట్టి తొంభై ఏళ్ళవుతోంది. పత్తీ జొన్నా పండించేవాళ్ళ పిల్లలకు తత్త్వశాస్త్రం, సంగీతం, చరిత్ర నేర్పాలని ఆయన ఆశ. ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందయ్యా అని అప్పుడు జనం అడిగారు. ఇప్పుడూ అడుగుతున్నారు. మా కాలేజీ అన్ని ప్రశ్నలకూ చక్కగా జవాబు చెబుతుంది, ఆ ఒక్కటి అడక్కపోతే చాలు.

నేను ఇక్కడ చరిత్ర చెబుతాను. పేరు కలైవాణి. ఉండేది విరుదునగరు, పుట్టింది మగ్గాల ఇంట్లో. ఇంట్లో మాది తెలుగు. నాకు కోపం ఎక్కువని డిపార్ట్‌మెంటులో అనుకుంటారు. ఎక్కువేమీ కాదు, తొందరగా వస్తుంది, అంతే. ఏటా వేసవిలో మమ్మల్ని ఊళ్ళ మీదికి తోలతారు, పిల్లల్ని చేర్పించుకు రమ్మని. కంప్యూటరు వాళ్ళు ఫ్యాను కింద కూర్చుంటే వాళ్ళ సీట్లు వాటంతటవే నిండుతాయి. చరిత్ర సీట్లకు మాత్రం ఇల్లిల్లూ తిరగాలి. పుదూరు పక్కన తెలుగువాళ్ళ ఊళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ ఎండంతా నా వాటా.

సంగవి నాకు అక్కడ దొరికింది. ప్లస్ టూలో మంచి మార్కులు. వాళ్ళ నాన్న కుమారవేల్ కోవిల్‌పట్టిలో కంప్యూటరు కోర్సు చూసిపెట్టాడు. నేను ఏ కాలేజీ నుంచి వచ్చానో చెప్పగానే ఆ పిల్ల మంచినీళ్ళ చెంబు నా చేతికి ఇవ్వడం కూడా మరిచిపోయి ఎదురుగా కూర్చుంది. బడివాళ్ళు పాత పాలెగాడి కోట చూపించడానికి పాంచాలంకురిచ్చి తీసుకుపోయారట.

“కోట చూస్తిని మేడమ్. అంతా సర్కారు ఈ మద్దెన కట్టించింది. కత్తులుండాయి, గోడ నిండా బొమ్మలుండాయి. వంటిల్లు ఎక్కడ అని అడిగితే, చూపించే ఆయన నవ్వె. అంతమంది సైన్యం అన్నం ఎక్కడ తినిరి మేడమ్? వండింది ఎవరు?”

ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. ఇటువంటి ప్రశ్న నాకు క్లాసులో ఎదురు కాలేదు. ఈ పిల్ల నాకు కావాలి అనుకున్నాను. తండ్రిని ఒప్పించడం కష్టం కాలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఆయన ఒప్పుకోలు ఎవరికీ అక్కర్లేదు. అక్కడ మాట చెల్లేది తాత దామోదరసామిది. ఆయన వరండాలో మడతకుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. విని, మా కాలేజీ గురించి నాకు చరిత్ర చెప్పాడు.

ఆ చరిత్ర మా చుట్టుపక్కల అందరికీ తెలిసిందే, ఎవరికి వాళ్ళు తమకు కావలసినట్టు చెప్పుకుంటారు. కాలేజీ తెరిచిన రోజున జనం ఒక పెద్ద సంపెంగ మాల తెచ్చి హెడ్‌బెర్గ్ అయ్యరు మెడలో వేశారు. ఆయనకు సిగ్గెక్కువ. మాల తీసి పక్కన నిలబడ్డ మనిషి మెడలో వేశాడు. ఆ మనిషి దామోదరసామికి తాత, పేరు అయ్యాసామి. ఆయన అక్కడికి ఎందుకు వచ్చాడయ్యా అంటే, తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వచ్చాడు. దామోదరసామి ఇంట్లో మాత్రం ఎద్దు మాట ఎత్తరు. కాలేజీకి భూమి ఇచ్చింది మేమే, అందుకే అయ్యరు మాకు తొలి మాల వేశాడు అంటారు. మా ఊళ్ళలో గుడి తిరునాళ్ళప్పుడు తొలి మాల ఎవరికి పడితే ఆ ఇంటికి అది తరతరాల హక్కు. హెడ్‌బెర్గ్ అయ్యరుకు స్వీడన్‌లో ఇది ఎవరూ చెప్పి పంపలేదు. మరుసటేడు అయ్యాసామి ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, మెడ వంచి నిలబడ్డాడు. అయ్యరు మొహమాటపడి మళ్ళీ వేశాడు. మూడో ఏటికి అది హక్కయి కూర్చుంది. ఒక లూథరన్ కాలేజీలో వ్యవస్థాపక దినం నాడు ఎద్దు కోసం వచ్చినవాడి ఇంటికి గుడి మర్యాద జరగడం ప్రపంచంలో మరెక్కడా ఉండదు.

తర్వాత వచ్చిన ఒక ప్రిన్సిపాల్ ఆ మర్యాద ఆపేశాడు. అప్పటి నుంచి దామోదరసామి మా గేటు తొక్కలేదు. అంతకు ముందు ఏటా వచ్చేవాడు, మాల వేయించుకునేవాడు, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఎంత పొగరో అనుకునేవాళ్ళు మా పాత లెక్చరర్లు.

“పడిప్పు మంచిదే టీచరమ్మా. తొలి మాల మా ఇంటికి తిరిగి రానీ. అప్పుడు పిల్ల వస్తాది,” అన్నాడు. పడిప్పు అంటే చదువు. ఆ మాట అనేసి కళ్ళు మూసుకున్నాడు. ఆయన భార్య సుబ్బమ్మాళ్ నన్ను వంటింటి వైపుకు పిలిచి, ఈయన పట్టు పడితే అంతే, మాల సంగతి మీరే చూడండి అని మెల్లగా చెప్పింది.

మా ప్రిన్సిపాల్ డాక్టర్ జెబరాజ్ మంచివాడు. మంచితనమంతా సిద్ధాంతం మీద ఖర్చు పెట్టేస్తాడు, మనుషులకు వచ్చేసరికి కొంచెం తగ్గుతుంది. మాల సంగతి ఎత్తగానే చేతులు అడ్డంగా ఊపాడు. ఒక ఇంటికి ఇస్తే పది ఇళ్ళు వస్తాయన్నాడు. ఒక్క విద్యార్థిని కోసం సంస్థ నియమం మార్చడమా అన్నాడు. నేను వదల్లేదు. పొద్దున టీ దగ్గర, మధ్యాహ్నం మెట్ల దగ్గర, సాయంత్రం ఆయన కారు తలుపు పట్టుకుని, అదే మాట. చివరికి ఆయన కుర్చీలోంచి లేచి తన పెద్ద ఆయుధం తీశాడు. లూథరన్ల మూల విశ్వాసం ఏమిటో తెలుసా కలైవాణీ అన్నాడు. మనిషి తన అర్హతతో ఏదీ పొందడు, వచ్చేదంతా కృపే అన్నాడు. దామోదరసామి తాతకు ఏ అర్హత ఉందని ఆ మాల అన్నాడు.

“ఏ అర్హతా లేదు సార్. ఎద్దు కోసం వచ్చాడు. కాబట్టి కృపతోనే వేయండి,” అన్నాను.

డాక్టర్ జెబరాజ్ కిటికీలోంచి గుడి వైపు, అంటే మా చాపెల్ వైపు చూశాడు. తర్వాత మాల ఎంత పొడవు ఉండాలో కనుక్కోమన్నాడు. మా డిపార్ట్‌మెంటు చరిత్రలో అంత గొప్ప విజయం ఇంకోటి లేదు, ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరక్కపోయినా నవ్వుకుంటూనే నిలబడ్డాను.

వ్యవస్థాపక దినం జూలైలో వస్తుంది. ఈ ఏడు ఆ సాయంత్రంతోనే అడ్మిషన్లు కూడా ముగిసిపోతాయి. బిషప్ గారు ముఖ్య అతిథి. దామోదరసామి తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన జరీ కండువాతో వచ్చి, ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పకుండానే సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. పక్కన సంగవి, కొత్త చుడీదారు, మోకాళ్ళ మీదికి జారిపోతున్న పెద్ద సంచి. డాక్టర్ జెబరాజ్ మైకు ముందు చాలాసేపు కృప గురించి మాట్లాడాడు, ఈ మాలకూ అర్హతకూ ఏ సంబంధమూ లేదని మూడు రకాలుగా చెప్పాడు. దామోదరసామికి ఆ మాటలేవీ పట్టలేదు. మాల పొడవు చూసుకున్నాడు, తృప్తిపడ్డాడు, మెడ వంచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను.

వేదిక దిగి మాలతోనే నా దగ్గరికి వచ్చాడు. ప్రిన్సిపాల్, బిషప్ గారు, నా తోటి లెక్చరర్లు అందరూ చుట్టూ ఉన్నారు. ఆయన నా మొహం సూటిగా చూస్తూ అడిగాడు.

“ఏమమ్మా, పిల్లను నీ చేతిలో ఇడిసిపెడితే చూసుకొంటావా?”

“పార్త్తుక్కిరేన్ అయ్యా,” అన్నాను.

చూసుకుంటానయ్యా అన్న మాటే అది. నవ్వుతూనే అన్నాను. ఆయన మొహంలో వెలుగు మాత్రం టక్కున పోయింది. నన్ను ఒకసారి పైనుంచి కింద దాకా చూసి, సంగవి చెయ్యి పట్టుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ గేటు వైపు నడిచాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోతే నాకు ముందు వచ్చేది కోపమే. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వాళ్ళ వెనక పరుగు తీశాను.

గేటు దగ్గర అందుకున్నాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ బస్సు కోసం నిలబడ్డాడు, మెడలో మాల అలాగే ఉంది. ఏమైందని అడిగాను. సంగవి నా చెవి దగ్గరికి వచ్చింది. “తాత తెలుగులో అడిగె మేడమ్. మీరు అరవంలో చెప్తిరి,” అంది.

అప్పటిదాకా నేను గమనించలేదు. ఇక్కడ మా అందరిదీ ఇదే వరస. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. నాలుక దానంతట అదే తిరిగిపోతుంది. బస్సులో పక్కన కూర్చున్న సొంత చెల్లెలితో కూడా నేను అరవంలోనే మాట్లాడతాను. వాళ్ళ ఇంట్లో ఆయనతో అంతసేపు తెలుగులో మాట్లాడినదాన్ని, మా కాలేజీలో ఆయన తెలుగులో అడిగితే అరవంలో జవాబిచ్చాను. ఇది తప్పని నాకెలా తోస్తుంది? అదే మాట ఆయనతో అన్నాను, కొంచెం గట్టిగానే. అందరమూ చేసేదే కదా, మీరు సంతలో మాట్లాడేది ఏ భాష అని అడిగాను.

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

“నేనూ ఈడ చదివేదానికి వస్తిని,” అన్నాడు. “నీకు తెలీదు. మా ఇంట్లో దీనికీ తెలీదు, దీని అవ్వకూ తెలీదు. మొదటి దినం లేచి నీ ఊరి సంగతి చెప్పరా అనిరి. చెప్తిని. నా అరవంలో ఇంటిమాట కలిసిపోయె. క్లాసంతా నవ్వె. పాఠం చెప్పే వాత్యారూ నవ్వె. ఆ తర్వాత నేను నోరు తెరిస్తే చాలు, నవ్వేది. బస్సెక్కి ఇంటికి పోయి, పడిప్పు నాకు వద్దు, సేద్యం చూసుకొంటాను అంటిని. మా నాయన సంతోషపడె.”

మాలలోంచి ఒక పువ్వు తెంపి కింద పడేశాడు.

“ఇన్నేండ్లు నువ్వు ఈడ పెద్ద టీచరమ్మవి. నీకే ఈడ ఇంటిమాట నోట రాలేదే. ఇంక దీనికి ఎట్ల వస్తాది? ఇది నోరు మూసుకొని మూల కూర్చుంటాది. అది నాకు వద్దు.”

ఏటా వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా మాల వేయించుకుని పోయిన మనిషి. పొగరనుకున్నారు మావాళ్ళు. నాకు కోపం వచ్చింది. ఆయన అన్నది అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదేమో. అప్పటికే బిషప్ గారిని కారెక్కించడానికి డాక్టర్ జెబరాజ్, వాళ్ళ వెనక సగం కాలేజీ గేటు దగ్గరికి వచ్చేశారు. సైకిల్ స్టాండు దగ్గర పిల్లలు ఆగి చూస్తున్నారు. కోవిల్‌పట్టి బస్సు మలుపు తిరుగుతోంది. ఆ బస్సెక్కితే ఈ పిల్ల మళ్ళీ రాదు, వంటిల్లు ఎక్కడుందో ఎన్నటికీ ఎవరూ వెతకరు. నేను గొంతెత్తాను. నా గొంతు మైకు లేకుండా మూడు క్లాసురూములకు వినపడుతుందని పేరు.

“పెద్దయ్యా, ఆ బస్సును పోనీండి. మిమ్మల్ని చూసి నవ్వినోళ్ళు ఇప్పుడు ఈడ ఎవరూ లేరు, నేను ఉండాను. నా క్లాసులో ఈ పిల్ల నోరు తెరిస్తే, నవ్వినోళ్ళ పండ్లు రాలగొడతాను. చూసుకొంటాను అంటిని కదా, చూసుకొంటాను. చూసుకొంటాను. ఇంకా ఎన్నిమార్లు చెప్పాల?”

బస్సు ఆగింది, కండక్టరు మా వంక చూశాడు, బస్సు వెళ్ళిపోయింది. ఆమె ఏ భాషలో తిడుతోందని బిషప్ గారు అడిగినట్టున్నారు. ఇరవై ఏళ్ళుగా నన్ను ఎరిగిన డాక్టర్ జెబరాజ్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ, అది హిస్టరీ డిపార్ట్‌మెంటు అంతర్గత వ్యవహారమండీ అని గంభీరంగా చెప్పాడు.

దామోదరసామి రోడ్డు మీద నుంచి నా వైపు తిరిగి, పండ్లు రాలగొట్టేది వద్దులే అన్నాడు. మాల సర్దుకుని, మనవరాలి చెయ్యి వదిలిపెట్టి, ఆఫీసు ఎటు అని అడిగాడు. సంగవి అప్పటికే ఆఫీసు వైపు నడుస్తోంది.

క్లాసులు మొదలైన రోజున నాకు భయం వేసింది. ఎన్నడూ లేనిది, పాఠం ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. మాట ఇచ్చేశాను సరే, పద్దెనిమిదేళ్ళ పిల్లల నవ్వును ఎవరు ఆపగలరు? అటెండెన్సు మొదలుపెట్టాను. ఒక్కొక్కరే లేచి ‘ఎస్ మేడమ్’ అంటున్నారు. సంగవి పేరు వచ్చింది. ఆ పిల్ల నిటారుగా లేచి, గొంతు తగ్గించకుండా అంది.

“ఉండాను మేడమ్.”

వెనక బెంచీలోంచి కిసుక్కున నవ్వు వినపడింది.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణంలో గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన మొహం కళ్ళ ముందుకు వచ్చింది. సంగవి చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు. ఎవరు నవ్వింది, లేచి నిలబడమన్నాను. తెలుగులోనే అన్నాను, నేను గమనించకుండానే. వెనక నుంచి పొట్టి పిల్ల ఒకతి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని లేచింది. పేరు ముత్తుసెల్వి. చున్నీ తీసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వు మాత్రం ఇంకా ఆగలేదు.

“నేనే నవ్వితి మేడమ్. మా ఇంట్లో కూడా ఇట్లనే అంటాము. కాలేజీలో వినేసరికి ఆగలేదు, నవ్వు వచ్చేసె.”

కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు, బెంచీలు దాటుకుంటూ వచ్చి సంగవి పక్కన కూర్చుంది. పీరియడ్ అయ్యేదాకా ఇద్దరూ గుసగుసలాడుతూనే ఉన్నారు, నేను ఒక్కసారి కూడా అరవలేదు. డిపార్ట్‌మెంటులో నమ్మరు గానీ ఇది నిజం.

సాయంత్రం విరుదునగరు బస్సు దిగి, దామోదరసామికి ఫోన్ చేశాను. ముందు, హాస్టల్లో పిల్ల భోంచేసిందా అని అడిగాడు. భోంచేసిందన్నాను. జరిగిందంతా చెప్పాను, నవ్వు సంగతితో సహా. అవతల ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకుని, పెద్దయ్యా అని పిలిచాను.

“ఉండాను,” అన్నాడు. “ఆ నవ్విన పిల్లది ఏ ఊరు?”

కారియాపట్టి పక్కన, అక్కడా తెలుగువాళ్ళ ఊళ్ళు ఉన్నాయి అని చెప్పాను.

“ఆ దినం నన్ను చూసి నవ్వినోళ్ళది ఏ ఊరని,” అన్నాడు దామోదరసామి, “నేను అడగనే లేదు టీచరమ్మా.”